ముట్టుకోని కబడ్డీ

అడవిలో దగ్గు జబ్బు కాస్త తగ్గగానే కుందేలు పిల్లలూ ముంగిస పిల్లలూ కబడ్డీకి ఎగబడ్డాయి.

"ఆడుకోండి. కానీ ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదు. కూత కూడా మనసులోనే కూయాలి," అని రిఫరీ ఎలుగుబంటి మామ షరతు పెట్టాడు.

కూతకెళ్లిన కుందేలు నోరు మూసుకుని, గీత దగ్గరే నిలబడి గాల్లోకి చెయ్యి విసిరింది. "తాకేశా!" అంది. "పట్టేశాం!" అన్నాయి అల్లంత దూరాన ముంగిసలు. పొద్దుగూకేదాకా ఇదే వరస. ఒక్కరూ అవుటవలేదు.

"శభాష్! ఎవరికీ ఎవరూ తగల్లేదు, రెండు జట్లూ గెలిచినట్టే!" అని మామ ఈల వేశాడు.

ఆ సంబరంలో అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు. మామైతే అందర్నీ కలిపి వాటేసుకున్నాడు.

"మామా, ముట్టుకోకూడదన్నావుగా?" అంది ఆయన చంకలో నలుగుతున్న కుందేలు.

"అది ఆటలోనేరా! ఆట అయిపోయిందిగా," అంటూ మామ దాని మొహం మీదే ఖళ్లున దగ్గాడు.