ఎర్రబడిన వరుస

“ఆ స్క్రీను ఇప్పుడే తీసెయ్!” మేనేజరు విజయభాస్కర్ అరిచాడు. చేతిలో ఫోను మోగింది. ఓనరు ఉష మేడమ్. పొద్దుటి నుంచి చేస్తూనే ఉంది. మళ్లీ కట్ చేశాడు.

“తియ్యను సార్,” అంది అబిగయీలు.

కావలిలో ఆ ఆఫీసు చిన్నదే. రొయ్యల కంపెనీలకు ఉద్యోగుల వివరాలు చూసే జావా ప్రోగ్రాము తయారుచేస్తుంది, తన ఉద్యోగులకూ అదే వాడుకుంటుంది. మాటిమాటికీ డేటాబేసు దాకా పోకుండా, ఒకసారి తెచ్చిన వివరాలను ప్రోగ్రాము క్యాష్ మెమరీలో దాచుకుంటుంది. అటక మీది జాడీ దించే పని లేకుండా చిన్న సీసాలో ఊరగాయ పెట్టుకున్నట్టు. చిక్కల్లా ఒకటే, జాడీలో మార్చినా సీసాలో పాతదే ఉంటుంది. కొత్తది కనబడాలంటే సర్వరు ఆపి, మళ్లీ మొదలెట్టి, గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఒళ్లుమండి అబిగయీలు ఓ స్క్రీను చేసింది. మెమరీలో ఉన్నది ఎడమవైపు, డేటాబేసులోది కుడివైపు. రెండూ కలవకపోతే ఆ వరుస ఎర్రబడుతుంది. కింద, మెమరీలోని పాతది తీసేసి కొత్తది తెచ్చేందుకు ‘తుడిచెయ్’ అని ఒక బటను.

“నన్నడక్కుండా నిన్నెవరు చెయ్యమన్నారు?”

“ఎవురూ చెప్పలా. సగం రోజు సర్వరు ఆపేదానికే పోతావుంటే చూడలేక చేసినా.”

“ఇట్లా ఎదురు మాట్లాడే ఇద్దరు ఇంటికి పోయినారు. తర్వాత నువ్వే.”

“అక్కా, ఊరుకో,” పక్క సీట్లోంచి పెంచలకృష్ణ గొణిగాడు.

“ఎందుకు ఊరుకోవాలయ్యా? పనికొచ్చేది చేసినా, తప్పు చెయ్యలా.” మేనేజరు వైపు తిరిగింది. “ఇప్పుడు కూడా ఒక వరుస ఎర్రగా ఉంది సార్. మీరే చూడండి.”

“నాకు చూపించబాకు!”

కుర్చీ లాక్కుని ఆఫీసు ఉద్యోగుల పేజీ తెరిచాడు. అబిగయీలు పేరు పక్కన ‘తొలగించు’ అని ఉంది. “ఒక్కసారి నొక్కితే నీ ఉద్యోగం ఉండదు. తప్పయిందని చెప్తావా?”

ఆమె తన స్క్రీను అతని వైపు తిప్పింది. “చెప్పను. నొక్కుకోండి. దానికంటే ముందు నా బటను నొక్కండి. చూడకుండానే పనికిరాదంటే నేనొప్పుకోను.”

“నొక్కితే ఆకాశం ఊడిపడతాదా?” వెక్కిరిస్తూ ‘తుడిచెయ్’ నొక్కాడు.

ఏదీ ఊడిపడలేదు. ఎర్ర వరుస మాత్రం మాయమైంది. విజయభాస్కర్ నవ్వి, ‘తొలగించు’ నొక్కాడు.

స్క్రీను మీద అక్షరాలు వచ్చాయి: “అనుమతి లేదు. విజయభాస్కర్ ఈ ఉదయం నుంచి ఉద్యోగంలో లేరు.”