వచ్చారు

"ఏడో నంబరు పడవ వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్. రాసేశానుగా." గుమాస్తా రిజిస్టరు మూసి, సంచీలో టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

పెద్దాయన రిజిస్టరు మళ్ళీ తెరిచాడు. తడి వేలు చివరి వరుస దగ్గర ఆగింది. ఏడో నంబరు. రెండు సీట్లు. వెళ్ళింది భార్యాభర్తలు. బయల్దేరింది మూడున్నరకి. తిరిగి వచ్చినట్టు రాసే గడిలో ఒకటే మాట: వచ్చారు.

"ఎంతమంది?"

"అదేంటి బాబాయ్? వచ్చారు అని రాశాగా."

"ఒక పెద్దమనిషి వచ్చినా వచ్చారే. ఇద్దరొచ్చినా వచ్చారే. ఎంతమంది?"

ఆమె గుర్తు తెచ్చుకుంది. కిటికీలోంచి కనబడింది ఆ సారొక్కడే. పడవ కట్టేసి, చేతులు రుద్దుకుంటూ బండి వైపు నడిచాడు. ఆయన వెనక ఎవరైనా ఉన్నారా? సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పెద్దాయనేమో షెడ్డులో పడవలు బోర్లిస్తున్నాడు.

కొండల మీంచి మంచు దిగుతోంది. సరస్సు అవతలి ఒడ్డు అప్పటికే కనబడడం లేదు. పడవెక్కినవాళ్ళందరికీ అక్కడ దిగి కాసేపు తిరగడం సరదా. తెడ్డు వేయడం వచ్చినవాళ్ళు సొంతంగా వెళ్తారు. రానివాళ్ళకి వెనక సీట్లో నడిపే మనిషినిచ్చి పంపుతారు. ఎలా వెళ్ళినా, పడవ లేకపోతే అక్కణ్ణించి తిరిగొచ్చే దారి లేదు.

పెద్దాయన పరుగెత్తాడు. అరవై ఐదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు. కాళ్ళకి రబ్బరు బూట్లు. ఆయన వెనకే ఆమె.

పార్కింగులో బండి అప్పుడే స్టార్టయింది. పెద్దాయన అద్దం మీద దబదబా బాదాడు. అద్దం దిగింది. లోపల సారు. పక్క సీట్లో ఆయన భార్య, తువ్వాలుతో తల తుడుచుకుంటోంది.

"ఏంటి పెద్దాయనా, అద్దం పగలగొడతావా?"

"ఒకటి. రెండు." అంతే అన్నాడు పెద్దాయన. వెనక్కి తిరిగాడు.

"పిచ్చోడల్లే ఉన్నాడండీ, పోనివ్వండి" అంది లోపలి ఆవిడ.

ఆ మాట ఆయనకి కొత్త కాదు. రేవులో అందరూ 'తలకాయల తాత' అంటారు. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి తలలు లెక్కపెడతాడు. పలకరిస్తే పలకడు. మధ్యాహ్నం రేవు చివర కూర్చుని, అవతలి ఒడ్డుకేసి చూస్తూ ఒక్కడే తింటాడు. ఆయన భార్య ఈ సరస్సు దగ్గరే పోయిందని గుమాస్తాకెవరో చెప్పారు. ఎలా పోయిందో చెప్పలేదు. ఆమె చేరి రెండు నెలలే.

గదిలోకొచ్చాక ఆమె మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. "ఇద్దరూ ఉన్నారుగా. ఊరికే హడలగొట్టి చంపారు బాబాయ్."

"రేపు మేనేజరుకి చెప్తాను."

ఆమె కుర్చీలోంచి లేచింది. పర్మనెంటు కావడానికి ఇంకా పది రోజులుంది. పెద్దాయన ఒక్క మాటంటే చాలు, ఇంటికి పంపేస్తారు. ఇల్లంటే ఒక గది. అందులో పలకరించేది ఫ్యాను చప్పుడొక్కటే. ఈ ఉద్యోగం ఉండబట్టి పగలైనా నలుగురి మొహాలు చూస్తోంది.

"మర్యాదకి అలా రాశాను. ఈసారికి వదిలేయండి."

"వాడూ మర్యాదకే రాశాడు."

"ఎవరు?"

పెద్దాయన నిలబడే చెప్పాడు.

"పదకొండేళ్ళయింది. రెండు సీట్ల పడవ. ముందు మగమనిషి, వెనక మా ఆవిడ. ఆ పొద్దున ఇంట్లో పోట్లాడుకున్నాం. సాయంత్రం మా అక్క ఇంటికి పోతా, నీ మొహం చూడనంది. అవతలి ఒడ్డున దిగి చెట్ల చాటుకి వెళ్ళింది. మగమనిషికి చలేసింది. ఎలాగో తెడ్డేసుకుని ఒక్కడే వచ్చేశాడు. రేవులో కట్టేసి, పెదవి విప్పకుండా తన దారిన తను పోయాడు. గుమాస్తా ఒక్క తలే చూశాడు. వచ్చారు అని రాశాడు. తాళం వేసుకుని పోయాడు. ఆ రాత్రి వడగళ్ళు. ఎవరూ వెతకలేదు. వచ్చారని రాసుందిగా! తెల్లారి వెళ్ళేసరికి చెట్టు మొదట్లో ముడుచుకుని ఉంది."

ఆమె రిజిస్టరులో తను రాసిన మాటకేసి చూసింది.

"ఆ గుమాస్తాని తీసేశారా?"

"తీయలేదు. పాపం, మర్యాదకి రాశాడన్నారు. అందరూ క్షమించారు. నేను క్షమించలేదు. క్షమించను. నిన్ను కూడా."

ఆమెకి ఒళ్ళు మండింది. ఎలాగూ పోయే ఉద్యోగమే. మొహమాటం దేనికి?

"బావుంది బాబాయ్! కట్టుకున్నదాన్ని చలిలో వదిలేసి, పడవేసుకుని వచ్చేసిన మగాడిది తప్పు కాదు. ఒక మాట రాసిన పాపానికి గుమాస్తాది తప్పు. పదకొండేళ్ళుగా వాణ్ణి తిట్టుకుంటూ బతుకుతున్నారు. వచ్చినవాణ్ణి ఒక్క మాటైనా అన్నారా మీరు?"

పెద్దాయన రిజిస్టరు మూసి, ఆమె ముందుకి జరిపాడు.

"వచ్చినవాడెవడో సారు, పేరు కూడా తెలీదమ్మా, వెనక కూర్చుని తెడ్డేసే ఉద్యోగం మా ఆవిడది, ఈ కుర్చీలో కూర్చుని 'వచ్చారు' అని రాసింది నేను."