గాలి ఆడని కరెంటు సిగరెట్టు

"మళ్ళీ పొగ రావట్లేదండి," అంటూ క్యాథరిన్ హ్యాండ్‌బ్యాగులోంచి చేతిరుమాలు మూట తీసి కౌంటరు మీద పెట్టింది.

కృపానందం మూట విప్పాడు. లోపల పెన్నంత పొడుగున తెల్లటి కరెంటు సిగరెట్టు ఉంది. దానికి ఒక కొసన పీల్చుకునే మూత, రెండో కొసన చిన్న ఎర్రదీపం, దీపం పక్కనే గాలి వెళ్ళడానికి సన్నటి రంధ్రం. రెండువేల తొమ్మిదిలో ఏలూరులో అలాంటి వస్తువు చూసినవాళ్ళే తక్కువ. సెల్‌ఫోన్లు బాగుచేసుకుని బతికే కృపానందానికి మాత్రం దాని మొహం చూసి చూసి విసుగొచ్చింది. క్యాథరిన్ తమ్ముడు హైదరాబాదు నుంచి తెచ్చిన దగ్గర్నుంచీ అది ఇంట్లోకంటే ఈ కొట్లోనే ఎక్కువ కాపురం చేసింది.

"పోయినసారి ఇక్కడ బాగానే పనిచేసిందమ్మా. మీ కళ్ళతో చూశారుగా."

"చూశానండి. ఇంటికెళ్ళాక మామూలే. ఎంత లాగినా గాలి ఆడట్లేదంట."

కృపానందం సన్నసూదితో రంధ్రం కెలికాడు. ఎప్పటిలాగే తడి తగిలింది. దూదితో తుడిచి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, బ్యాటరీ మరలు విప్పి మళ్ళీ బిగించాడు. అతను చర్చి సంఘంలో పెద్ద, పొగ వాసన కూడా గిట్టదు, కాబట్టి నోట్లో పెట్టుకుని చూసే ప్రశ్నే లేదు. పీల్చే మూతకి సిరంజి తగిలించి మెల్లగా లాగాడు. ఎర్రదీపం వెలిగింది. సిరంజి నిండా తెల్లటి పొగ వచ్చింది.

"ఇదిగోనమ్మా, నిక్షేపంలా ఉంది. పీల్చే మూత చూడండి, కొత్తదానిలా పొడిగా ఉంది. తడంతా దీపం వైపే. చెరువు గట్ల మీద చొక్కా జేబులో వేసుకు తిరిగితే తడవక ఏం చేస్తుంది?" అని బయట స్కూటరు మీద కూర్చున్న ఆనంద్ పాల్ వైపు చురుగ్గా చూశాడు.

ఆనంద్ పాల్ క్యాథరిన్ భర్త. కొల్లేరు చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. ఆ చూపు తగలగానే మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"ఇలా రండి బాబూ," అని పిలిచాడు కృపానందం. "మీ అమ్మగారు ప్రార్థన చేస్తే చర్చిలో కళ్ళు తుడుచుకోని మనిషి ఉండడు. కనకమ్మగారి కడుపున పుట్టిన మీకు ఈ పాడు అలవాటేంటండీ?"

"అలాగేనండి," అన్నాడు ఆనంద్ పాల్ తల వంచుకుని.

క్యాథరిన్ గబగబా మాట అందుకుంది. "ఏమీ అనకండి. మానాలనే ఉందండి. అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. వేడి తగలకపోతే అదే తగ్గిపోతుందన్నారు డాక్టరుగారు. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపాలంట. జంగారెడ్డిగూడెంలో పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పనిచేసిన రోజుల నాటి అలవాటు, అంత తేలిగ్గా పోతుందా? అయినా వారం పైనైంది చుట్ట ముట్టి. పొగ రాకపోయినా దీన్నే నోట్లో పెట్టుకుని ఓర్చుకుంటున్నారు. ఇవాళ కూడా పొగ రాకపోతే రేపు చుట్టల కట్ట తెప్పించుకుంటానని చెప్పేశారు."

ఆ చివరి మాటకి కృపానందం కోపం సగం చల్లారింది.

"ఎలా వాడాలో సరిగ్గా చెప్పారామ్మా?"

"చుట్ట ఎలా కాలుస్తారో అచ్చం అలాగే కాల్చమన్నానండి."

"కాల్చేటప్పుడు మీరు పక్కనున్నారా?"

"మా ఎదురుగా ఎప్పుడూ కాల్చరండి. పెరట్లోకి వెళ్ళిపోతారు."

తల్లి ముందు ఆ మాత్రం బెరుకుందంటే ఈ మనిషి బాగుపడతాడనుకున్నాడు కృపానందం. కొట్టు షట్టరు దించి, "పదండి, ఇంటికే వస్తాను. పీల్చేటప్పుడు చూస్తేగానీ లోపం దొరకదు," అని సైకిలు తీశాడు.

పవర్‌పేటలో వాళ్ళ ఇంటి వరండాలో కనకమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"వందనాలండి కనకమ్మగారూ."

"వందనాలు బాబూ. కూర్చో. ఆ గొట్టం బాగైందా?"

కృపానందం తెల్లబోయాడు. కొడుకు సంగతి ఈవిడకి ఎలా చెప్పాలా అని దారంతా మథనపడ్డాడు. ఆవిడకి అన్నీ తెలుసన్నమాట. తెలిసి కూడా కేకలెయ్యకుండా ఓపిక పట్టిన ఆ తల్లి మీద గౌరవం రెట్టింపైంది.

"దీనికి ఏ జబ్బూ లేదండి. చూడండి," అని సిరంజి తగిలించి లాగాడు. ఎర్రదీపం వెలిగింది, పొగ వచ్చింది.

ఆవిడ మొహం విచ్చుకుంది. "వస్తోందే! నిప్పు లేకుండానే వస్తోంది."

"అవునండి. ఇంక అంగిట్లో వేడి తగలదు, మచ్చా ఉండదు. దేవుడి దయవల్ల ఇవాళ్టితో ఆ చుట్టల పీడ వదిలిపోతుంది." కృపానందం సిరంజి ఊడదీసి సిగరెట్టుని ఆనంద్ పాల్ చేతికిచ్చాడు. "ఇక్కడ బయటివాళ్ళెవరూ లేరు. సిగ్గుపడకుండా రోజూ ఎలా పీలుస్తారో అలాగే నా ముందు ఒక్కసారి పీల్చాలి. ఎక్కడ తేడా వస్తోందో ఇప్పుడే పట్టేస్తాను."

ఆనంద్ పాల్ భార్య వైపు చూశాడు. క్యాథరిన్ ఇంక తప్పదన్నట్టు తలూపింది.

కనకమ్మ చేట పక్కన పెట్టి, కొడుకు చేతిలోంచి దాన్ని అందుకుని, చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాల్చే పాత అలవాటు కొద్దీ, ఎర్రదీపం ఉన్న కొసని నోట్లో పెట్టుకుంది.