చెల్లుకు చెల్లు

"నువ్వు బేబీ గారికి ఓటు వేస్తావు, నేను సురేష్‌బాబుకి వేస్తాను. చెల్లుకు చెల్లు. ఆ మాత్రానికి ఇద్దరం పని మానుకుని ఎండలో నిలబడ్డం దేనికే?" అంది నాగేశ్వరి, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగుతూ.

తోడికోడలు రామతులసి కుండ మీంచి లేచిన రేకును జాగ్రత్తగా తీసి పక్కన పెట్టింది. ఆత్రేయపురంలో వీళ్ళిద్దరి పూతరేకులంటే పేరుంది. సాయంత్రానికి పెళ్ళివారి ఆర్డరు అందాలి. కానీ సర్పంచి ఎన్నిక వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

"ఇద్దరం మానేద్దాం. పనీ సాగుతుంది, గొడవా ఉండదు. ఏమంటావ్?"

"నువ్వెళ్ళకపోతే నేనూ వెళ్ళనక్కా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టయితే పెట్టుకుంది గానీ రామతులసికి కుదురు లేదు. పోయిన వానాకాలం వీధి మురుగుకాలువ పొంగి ఇళ్ళలోకి వచ్చింది. కూతురు సహస్ర డెంగీ వచ్చి చావు తప్పి బయటపడింది. గెలిస్తే ముందు ఆ కాలువ సంగతే చూస్తానంది బేబీ. అక్క పట్టుదలా అర్థం కానిది కాదు. బావగారికి గుండెనొప్పి వచ్చిననాడు సురేష్‌బాబే తన కారులో రాజమండ్రి తీసుకెళ్ళి బతికించాడు. ఆ రుణం అక్క మరిచిపోయే మనిషి కాదు.

"నెయ్యి చాలేలా లేదు, తెస్తానుండు" అని నాగేశ్వరి లేచి వెళ్ళింది.

కొట్టు వీధి చివరే. ఎంతకీ రాదు. రామతులసి రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ఇంతసేపా అక్కా?"

"కొట్టు దగ్గర జనం" అంది నాగేశ్వరి తలెత్తకుండా. వస్తూనే రెండు చేతులూ పిండిలో ముంచేసింది.

రామతులసి మనసులో ముల్లు గుచ్చుకుంది. ఎన్నికల రోజున కొట్టు దగ్గర జనమేంటి? ఓటేసి వచ్చిందా? చ, ఒట్టు పెట్టుకుంది కదా. పెట్టుకుంటే మాత్రం?

చేతిలో రేకు పుటుక్కున చిరిగింది. ఆ తర్వాతదీ చిరిగింది.

"ఏంటే, అన్నీ పాడుచేస్తున్నావు?"

"సహస్ర పక్కింట్లో ఆడుకుంటోంది. అన్నం పెట్టొస్తాను" అని లేచింది రామతులసి. సందు మలుపు తిరగ్గానే కాళ్ళు పోలింగు జరుగుతున్న బడి వైపు పరుగుతీశాయి. ఊరికే చూసొద్దామనుకుంది, అంతే.

ఓటేసి వచ్చి క్యూ పక్కన చెట్టు నీడలో కూర్చున్న ఎదురింటి అమ్మణ్ణి పలకరించింది. "ఇప్పుడా రావడం? మీ అక్క ఎప్పుడో వేసేసి వెళ్ళిందిగా! నా ముందే నిలబడింది."

ఒళ్ళంతా భగ్గుమంది. నన్ను కుండ ముందు కూర్చోబెట్టి, దొంగచాటుగా తన పని చక్కబెట్టుకుందన్నమాట! రామతులసి క్యూలో నిలబడింది. లోపలికి వెళ్ళి, బల్ల అదిరేలా బేబీ గుర్తు మీద ముద్ర గుద్దింది. వేలి మీద సిరా ఆరకముందే ఇంటికొచ్చి పడింది.

"ఒట్టు పెట్టించింది నువ్వే కదక్కా! ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి ఓటేసి వచ్చింది కూడా నువ్వే కదా!"

నాగేశ్వరి చేతిలో గుడ్డ కుండ మీదే ఉండిపోయింది. రేకు మాడి వాసన వచ్చింది.

"అది కాదే తులసీ..."

"ఏం చెప్పకు. నేనూ వేసొచ్చాను. బేబీ గారికే వేశాను. కన్నదాన్ని నేను, ఆసుపత్రిలో ఆ పిల్ల మూలుగుతుంటే నా ప్రాణం ఎలా కొట్టుకుందో కడుపు పండని నీకేం తెలుసు? రేపట్నుంచి నా పొయ్యి నాది, నీ పొయ్యి నీది!"

నోరు జారాక గానీ ఎంత మాట అన్నదో రామతులసికే తెలియలేదు.

నాగేశ్వరి నెమ్మదిగా కుండ కింద మంట తగ్గించింది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఒట్టు తప్పిన మాట నిజమే. సిగ్గేసి చెప్పలేకపోయాను. నెయ్యికని వెళ్తుంటే ఆ కాలువ దగ్గర కాలు ఆగిపోయింది. సురేష్‌బాబుకి మనసులోనే దండం పెట్టుకుని, బేబీ గారికే గుద్దొచ్చానే" అంది. "సహస్ర నీ ఒక్కదానికే కూతురా?"