తలకింద ఇనుము

బాలింత నాగులమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. దయ్యపు గాలి సోకకుండా అత్త పేరమ్మ ఆమె తలకింద పడవ మేకు పెట్టింది.

"నీ రక్తంలో ఇనుము తగ్గింది. రోజూ ఒక మాత్ర మింగు," అంటూ మైపాడు బడి పంతులమ్మ పొట్లం అందించింది.

"ఈ మేకులో ఉండే ఇనుమేనా అమ్మా?" అని నాగులమ్మ అడిగింది.

"అదే. ఎక్కడున్నా ఇనుము పరమాణువు ఒకటే." పాఠం ఇంత తేలిగ్గా అర్థమైనందుకు పంతులమ్మ సంతోషించింది.

నెల తిరక్కుండానే నాగులమ్మ పోయింది. పలకరించడానికి వెళ్లిన పంతులమ్మకు, నిద్రపోతున్న బిడ్డ తలకింద విప్పని పొట్లం కనిపించింది.

"మింగితే అయిపోతాయి, బిడ్డ తలకింద పెడితే ఉంటాయి అని మా కోడలే అనింది," అంటూ పేరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఏ ఇనుమైనా ఒకటేనని మీరే చెప్పినారు గదమ్మా."