గేటు మీది అంకె

"దిగు! ముందు కిందికి దిగు!" అంటూ కాపలా తాత నిచ్చెన కాలు పట్టుకున్నాడు.

పెయింటర్ దిగలేదు. మిల్లు గేటు మీది బోర్డును చేత్తో తుడుస్తున్నాడు.

"ఆ బోర్డు ముట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?"

"ప్రభుత్వం మారింది తాతా."

"ప్రభుత్వం మారితే గేటు మారుతుందా? తాళంచెవి నిన్నా నా మొలకే ఉంది, ఇవాళా నా మొలకే ఉంది."

"మా బావ కబురు పెట్టాడు. బోర్డు మార్చాలి, రంగు డబ్బాలు తెచ్చుకోమన్నాడు."

తాత నిచ్చెన వదిలేశాడు. బావ అంటే పెయింటర్ భార్యకు సొంత అన్న, మిల్లు యూనియన్ కార్యదర్శి. కొత్త ప్రభుత్వం నిన్ననే అతన్ని కార్మిక మండలిలో సభ్యుణ్ణి చేసింది.

బోర్డు మీద రెండే వరుసలు. పైన 'పనివేళలు రోజుకు 12 గంటలు'. కింద ఆ ఉత్తర్వు ఇచ్చిన పాత మంత్రి పేరు. పెయింటర్ ఉప్పుకాగితంతో పన్నెండు మీద మెల్లగా రుద్దాడు. నాలుగేళ్ల కిందట తన చేత్తో రాసిందే. రంగు పొడిపొడిగా రాలింది. లోపలి నుంచి ఎనిమిది తొంగి చూసింది.

"ఇదేం గారడీరా!" అన్నాడు తాత.

"గారడీ కాదు. పాత అక్షరాలు రేకుతో గీకేసి కొత్తవి రాయడం మా పని పద్ధతి. ఆ రోజు మా బావ ఈ నిచ్చెన దగ్గరే నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు. 'గీకకు బావా, పైపైన ఒక్క పూత వెయ్యి. మనవాళ్లు వచ్చిన రోజున మన ఎనిమిది మనకు దొరకాలి' అని."

లోపల మంచినీళ్ల విరామానికి గంట కొట్టారు. పెయింటర్ భార్య పరుగున గేటు దగ్గరకు వచ్చింది. తల నిండా మిల్లులో ఎగిరే దూది. నిన్న యంత్రం దగ్గర నిలబడే కునికితే జడ చక్రంలో పడింది. పక్కామె కత్తెర వెయ్యబట్టి బతికింది. మిగిలిన జుట్టు మెడ దాకా కూడా రావడం లేదు.

ఆమె తలెత్తి ఎనిమిదిని చూసింది.

"ఏవయ్యా, నిజమేనా? ఇకమీదట పాప మేలుకుని ఉండగానే ఇంటికొస్తానా?"

"మీ అన్న మాటంటే మాటే."

"మరి ఎవరి అన్న అనుకున్నావు!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

అంతలో కారు వచ్చి ఆగింది. మేనేజరు ఎదురెళ్లి స్వయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. బావ దిగాడు. చొక్కాకు కొత్త బిళ్ల మెరుస్తోంది.

"అన్నయ్యా!" ఆమె ఊచల్లోంచి చెయ్యి చాపింది.

బావ బోర్డు వైపు చూశాడు.

"పై వరుస ఎందుకు ముట్టుకున్నావు బావా? మార్చమన్నది మంత్రిగారి పేరు."

"మరి గంటలు?"

"వచ్చీ రాగానే మిల్లు మూయించమంటావా? గంటలు తగ్గవని యజమానులకు పైనుంచి మాట ఇచ్చారు. మనవాళ్లను మనమే ఇరుకున పెడతామా?"

"ఒక్కసారి చెల్లెలి జుట్టు చూడు బావా."

బావ చూశాడు. చాలాసేపు చూశాడు. మేనేజరు చిన్నగా దగ్గాడు. లోపల మళ్లీ గంట మోగింది. ఆమె ఊచల్లోంచి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బావ నిచ్చెన దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఈసారి రేకుతో బాగా గీకి రాయి బావా. కింద ఎనిమిది కనిపిస్తోంది."