ఆపమన్న చోటల్లా

"ఇక్కడ ఆపకూడదు బాబాయ్! వెనకాల ట్రామ్ తరుముకొస్తోంది, కనబడ్డం లేదా?"

"ఒక్క నిమిషం. ఆపు."

సెయాద్ గొణుక్కుంటూనే టాక్సీని పట్టాల పక్కకి లాగాడు. వెనక సీట్లోని ముసలాయన మెల్లగా దిగి, ట్రామ్ స్టాపు అంచున నిలబడి టోపీ తీశాడు. ట్రామ్ డ్రైవరు గంట మోగించి, కిటికీలోంచి తల బయటికి పెట్టి సెయాద్‌ని అమ్మనాబూతులు తిట్టాడు. ముసలాయన కదల్లేదు. కాసేపటికి టోపీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఇక మ్యూజియం దగ్గరికి పోనీ."

సారాయెవో చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగేవి నాలుగే. రాకుమారుణ్ణి కాల్చి చంపిన వంతెన, పాత బజారు, కొండ మీదికెళ్లే తీగబండి, ఆఖర్న కడుపునిండా చెవాపి కబాబులు. పొద్దున బస్టాండులో ఎక్కిన ఈ మనిషి వాటిలో ఒక్కటీ అడగలేదు.

"మ్యూజియం ఇవాళ మూసేస్తారు బాబాయ్."

"లోపలికి కాదు. బయట రోడ్డు మీదే."

"ఎవరి తాలూకు మీరు? మాట చూస్తే మనవాళ్ల మాటలాగే ఉంది."

"వెళ్లిపోయి ముప్పై ఏళ్లయింది."

మ్యూజియం ముందు కూడా అంతే. దిగాడు, టోపీ తీశాడు, నిలబడ్డాడు. ఈసారి పెదాలు కూడా కదిలాయి. అది చూశాక సెయాద్‌కి అర్థమైంది. యుద్ధం నాటి ఆ నాలుగేళ్లలో ఈ రోడ్లు దాటబోయి, నది అవతలి మేడల మీంచి పొంచి కాల్చిన గుండు తగిలి ఎవరెక్కడ పడిపోయారో ఊళ్లో అందరికీ తెలుసు. ట్రామ్ స్టాపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు. ఇక్కడ పోస్ట్‌మ్యాన్.

ముసలాయన వచ్చి కూర్చోగానే సెయాద్ మీటరు ఆపేశాడు.

"అదేంటి?"

"పోయినవాళ్లని పలకరించడానికి వచ్చిన మనిషి దగ్గర డబ్బు తీసుకోమంటారా? మా అమ్మ వింటే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"వద్దు. మీటరు తిరగనీ." ముసలాయన ముందుకి వంగాడు. "దయచేసి తిరగనీ."

మొండి మనిషి అనుకుని సెయాద్ మళ్లీ మీటరు వేశాడు. "ఎవరు పోయారు బాబాయ్? తమ్ముడా?"

రెండు వీధులు దాటాక ముసలాయన, "ఆ రొట్టెల కొట్టు మూల దగ్గర ఆపు" అన్నాడు.

సెయాద్ కాలు బ్రేకు మీద బిగుసుకుంది. "రొట్టెల కొట్టు ఎప్పుడో పోయింది. ఇప్పుడది సెల్‌ఫోన్ల కొట్టు."

"మూల అదే కదా."

బండి ఆగింది. ఈసారి ముసలాయన దిగలేదు. దిగబోయినవాడల్లా సెయాద్‌ని చూసి ఆగిపోయాడు. సెయాద్ ఆ మూలకేసి తల తిప్పకుండా ఎదురుగా రోడ్డుకేసే చూస్తున్నాడు.

"మా అక్క ఇక్కడే పోయింది. మెలిహా. పంతొమ్మిదేళ్లు. రొట్టె కోసమని ఒక్కతే వచ్చింది. నేను ఇంట్లో నిద్రపోతున్నా."

ఎవరడిగినా ఇన్నేళ్లుగా అతను చెబుతున్నది ఇదే. తల్లికి చెప్పింది కూడా ఇదే. ఎక్కడా తడబడకుండా వచ్చేస్తుంది.

ముసలాయన అద్దంలోంచి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. "నీకప్పుడు ఎన్నేళ్లు?"

"పదమూడు."

"నది దాటించు బాబూ. గ్రబావిత్సాలో ఒక ఇంటికి వెళ్దాం. అదే ఆఖరు."

"అక్కడ మీ ఇల్లుండేదా?"

"కొన్నాళ్లున్నాను."

అది పదంతస్తుల పాత భవనం. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడో అంతస్తుకే ముసలాయన ఆయాసపడిపోతూ గోడకి ఆనుకున్నాడు.

"కిందికి పోదాం బాబాయ్. గుండె ఆగి మీరు ఇక్కడే పడిపోతే పోలీసులకి నేనేం చెప్పాలి?"

"పైదాకా తోడు రా. నువ్వు రావాలి."

సెయాద్ ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకున్నాడు. రెండో చేత్తో నడుము పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. తండ్రి బతికుంటే ఇంత బరువే ఉండేవాడేమో అనిపించింది. దారిలో రెండుసార్లు కూర్చోబెట్టి, జేబు రుమాలుతో ఆయన నుదుటి చెమట తుడిచాడు. ఒక అంతస్తులో ఎవరో ఇంటావిడ తలుపు తీసి, అడక్కుండానే గ్లాసుడు మంచినీళ్లిచ్చింది.

పై అంతస్తులో, మెట్లు అయిపోయిన చోట ఒక చిన్న కిటికీ ఉంది. ముసలాయన దాన్ని తోసి తెరిచాడు. కింద నది. దానికవతల ఎండలో ఊరంతా. సెయాద్ ఊపిరి పీల్చుకుంటూ వంగి చూశాడు. ట్రామ్ స్టాపు కనిపించింది. మ్యూజియం ముందు రోడ్డు కనిపించింది. కాస్త పక్కకి, రెండు భవనాల మధ్య సందులోంచి, సెల్‌ఫోన్ల కొట్టు మూల కనిపించింది.

ఆయన నడుము చుట్టూ ఉన్న సెయాద్ చెయ్యి జారిపోయింది.

ముసలాయన టోపీ తీశాడు. కిటికీ వైపు కాదు, సెయాద్ వైపు తిరిగాడు.

"కింద పడ్డాక కూడా ఆమె ఆ పిల్లాడి చెయ్యి వదల్లేదు" అన్నాడు. "విదిలించుకుని పారిపోయింది... నువ్వేనా బాబూ?"